మొగుడి పేరు మీది బ్యాడ్జీ

అహల్యను చంపింది రోగం కాదు, ఆమె మొగుడు దామోదర్. మానుకోట స్టేషన్ బజారులో ఈ మాట పైకి అన్నవాడు లేడు. అనకపోయినంత మాత్రాన అది అబద్ధం కాదు.

ఆమె పుట్టిల్లు చిట్యాల. ఏడో తరగతి దాకా చదివింది. దామోదర్‌ది జనగామ. తెలంగాణ కోసం కాలేజీలు మూతబడ్డ 1969లో అతని డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. ఆ ఏడాది హైదరాబాదులో ఒక డాక్టరు దగ్గర చేరి ఎక్స్‌రే తీయడం నేర్చుకున్నాడు. లాఠీ దెబ్బలకు విరిగిన చేతులు ఎన్ని ఫోటో తీశాడో పెండ్లిచూపుల్లో కూర్చుని గొప్పగా చెప్పాడు. "మనిషి లోపల ఏమున్నదో నేను చూస్త" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చింది. అదొక్కటే ఆమె చేసిన తప్పు.

1971లో, మూతబడ్డ ఏదో ప్రైవేటు దవాఖాన నుంచి పాత మిషన్ కొనుక్కొచ్చి, మానుకోట బజారులో అద్దె ఇంటి ముందు గదిలో పెట్టాడు. వెనుక రెండు గదులు కాపురానికి. మధ్యలో ఒక తలుపు. తలుపుకు ఇవతల పొయ్యి, అవతల మిషన్.

దుకాణం తెరిచిన నాలుగో నాడు కేసముద్రం నుంచి ఒక దొరల ఇంటి కోడలు దగ్గుతో వచ్చింది. వెంట అత్త ఉన్నది. రొమ్ము ఫోటో తీయాలంటే భుజాలు పట్టుకుని ఫిలిము పలకకు ఆనించి నిలబెట్టాలి. "మా కోడలి మీద మొగోని చెయ్యి పడొద్దు" అన్నది అత్త. అహల్య లోపల బీరకాయ చెక్కు తీస్తున్నది. దామోదర్ తలుపు సందు నుంచి తల పెట్టి, "ఓయ్, జర రా. ఆ పిల్లను గట్టిగ పట్టుకో. ఒక్క నిమిషం పని" అన్నాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని పోయింది.

ఆ ఒక్క నిమిషం పని తొమ్మిదేండ్లు నడిచింది.

ఆడమనిషి పట్టుకుంటుందని తెలిసి చుట్టూ ఊళ్ల నుంచి ఆడవాళ్లు, పసిపిల్లలు ఆ దుకాణానికే వచ్చేవారు. దామోదర్ బోర్డు మీద కొత్తగా ఒక వరుస రాయించాడు: స్త్రీలకు ప్రత్యేక సౌకర్యం. ఆ సౌకర్యం పేరు అహల్య అని ఎవరికీ తెలియదు. ఆమె తెల్లవారి లేచి నీళ్లు పట్టి, వండి, మామిడిచెట్టు కింద అంట్లు తోమి, తొమ్మిదింటికి గాజులు తీసి గూట్లో పెట్టి ఆ గదిలోకి పోయేది. గాజులు ఫోటోలో పడతాయి. అందుకని ముత్తైదువ బోసి చేతులతో పనిచేయవలసి వచ్చింది. అత్త లక్ష్మీనర్సమ్మ జనగామ నుంచి వచ్చినప్పుడల్లా ఆ చేతులు చూసి మూతి తిప్పేది. "నా కొడుకు బతికుండంగనే బోసి చేతులేంది పిల్లా? చూసేటోళ్లు ఏమనుకుంటరు?" అనేది. గాజులు తీయమన్నది ఆ కొడుకేనని అహల్య చెప్పబోతే, అతను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

మధ్యాహ్నం ఫిలిములు కడగడం ఆమె పనే. చీకటి గదిలో మందునీళ్లలో ముంచి, జాడించి, పెరట్లో తీగకు చీరల పక్కన ఆరేసేది. గాలికి చీరలూ ఎముకలూ కలిసి ఊగేవి. చేతులకు పట్టిన ఆ మందునీళ్ల హైపో వాసన సబ్బుకు పోయేది కాదు. "గా చేతులతోని పచ్చడి జాడీ ముట్టకు" అనేది అత్త. జాడీ ముట్టవద్దన్న చేతులే అన్నం కలిపి పెట్టాలి, కాళ్లు పిసకాలి.

సీసం కోటు ఒక్కటే ఉండేది. బరువుది, నల్లది, మోకాళ్ల దాకా వచ్చేది. అది దామోదర్ వేసుకునేవాడు. వేసుకుని, సీసం రేకు కొట్టించిన తలుపు వెనక్కు పోయి మీట నొక్కేవాడు. మిషన్ గుర్రుమనేది. అప్పుడు గదిలో ఇద్దరే ఉండేవారు, బల్ల మీద రోగి, రోగిని పట్టుకున్న అహల్య. మధ్యాహ్నం చుట్టుపక్కల మోటర్లు నడిచే వేళకు వోల్టేజీ పడిపోయేది. ఫోటో తెల్లగా వచ్చేది. "మళ్ల పట్టు" అనేవాడు. మళ్లీ తెల్లగా వచ్చేది. "ఇంకొక్కసారి పట్టు." ఒక్కొక్క పిల్లకు నాలుగు సార్లు, అయిదు సార్లు. పిల్ల ఇంటికి పోయేది. అహల్య ఇంకో పిల్లను పట్టుకునేది.

1976లో సర్కారు ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు వచ్చి, ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్లు తప్పనిసరిగా బ్యాడ్జీ పెట్టుకోవాలని చెప్పారు. అగ్గిపెట్టె అంత డబ్బీ, లోపల చిన్న ఫిలిము. ఒంటికి ఎంత కిరణం తగిలిందో ఆ ఫిలిము నలుపును బట్టి తెలుస్తుంది. మూడు నెలలకోసారి దాన్ని బొంబాయి పంపితే వాళ్లు కొలిచి కాగితం రాస్తారు. పనిచేసేవాళ్ల పేర్లు రాయమని ఫారం ఇచ్చారు. దామోదర్ ఒక్క పేరు రాశాడు.

"నా పేరు?" అన్నది అహల్య, వాళ్లు పోయాక చాయ్ గ్లాసులు తీస్తూ.

"నువ్వు పనిచేసేదానివా? నువ్వు ఇంటిదానివి."

ఆ మాట అతను కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు. ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. పోయి చాలాసేపు ఆ గ్లాసులే కడిగింది.

ఇక ఆ బ్యాడ్జీని దామోదర్ ఒక్కనాడూ ఒంటికి పెట్టుకోలేదు. సర్కారు వస్తువు, మీద నంబరు ఉన్నది, తడవొద్దు, పోగొట్టొద్దు అని రాసి ఉన్నది. పోతే జవాబు ఎవరు చెప్పాలి? అందుకని దాన్ని పైలంగా సర్టిఫికెట్ల మధ్య ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. మూడు నెలలకోసారి అహల్యే దాన్ని తీసి కవరులో పెట్టి, అంటించి, పోస్టు చేసేది. బొంబాయి నుంచి సున్నా అని కాగితం వచ్చేది. ట్రంకుపెట్టెకు ఏ కిరణం తగులుతుంది? దామోదర్ ఆ కాగితాలకు పటం కట్టించి గోడకు కొట్టాడు. "మా మిషన్ నుంచి రవ్వంత గూడ బయటికి రాదు, సూడుండ్రి" అని వచ్చినవాళ్లకు చూపించేవాడు.

ఈ తొమ్మిదేండ్లలో అహల్యకు మూడుసార్లు కడుపు నిలిచి మూడుసార్లూ పోయింది. మూడో నెలలో ఒకటి, నాలుగో నెలలో రెండు. మొదటిసారి అత్త ఏడ్చింది. రెండోసారి తిట్టింది. మూడోసారి తిట్టను కూడా తిట్టలేదు. "దీని రక్తంలనే పస లేదు" అని పక్కింటి ఆమెతో చెప్పింది. అహల్య గోడ ఇవతల పడుకుని విన్నది. తన రక్తం సంగతి ఆమె మొదటిసారి ఆలోచించింది అప్పుడే. కడుపు పోయిన ప్రతిసారీ పదకొండో నాడు మళ్లీ గదిలో నిలబడ్డది. "కూసుంటె మనసు పాడైతది, పనిల పడితె మర్శిపోతవు" అన్నాడు దామోదర్. అది దయతో అన్నాననే అనుకున్నాడు.

1979 వానకాలంలో గూడూరు దిక్కు తండా నుంచి సుక్కి అనే లంబాడీ ఆమె మూడేండ్ల బిడ్డను ఎత్తుకుని వచ్చింది. పిల్ల తుంటి నొప్పికి నడవడం లేదు. సుక్కికి మోచేతుల నుంచి భుజాల దాకా గాజులే. అవి తీస్తే వచ్చేవి కావు. తల్లి పట్టుకుంటే ఫోటో నిండా గాజులే పడతాయని దామోదర్ ఆమెను బయటికి పొమ్మన్నాడు. అహల్య పిల్లను పట్టుకున్నది. ఆ నాడు కరెంటు మరీ అధ్వానంగా ఉన్నది. ఆరోసారికి గాని ఎముక కనబడలేదు. పిల్లను తల్లికి అప్పగిస్తుంటే సుక్కి ఆమె మోచేతి మీది నల్లటి మచ్చలు చూసింది.

"అక్కా, గివేంది? మొగడు కొట్టిండా?"

"లేదు."

"మరేడికెల్లి అచ్చినయి?"

"ఊకనే అస్తున్నయి."

సుక్కి బిడ్డను చంకకు ఎత్తుకుని గదిలోకి తొంగి చూసింది. "నీ మొగడు గంత బరువు కోటు ఏసుకుని తలుపెనకకు ఉరుకుతుండు. నన్నేమొ బయటికి ఎల్లగొట్టిండు. గా లైటు మంచిదే అయితె గాయిన ఎందుకు దాస్కోవాలె? చెడ్డదైతె నువ్వెందుకు దాస్కోవు?"

అహల్య మోచేతి మీదికి కొంగు లాక్కున్నది. తండా నుంచి మొదటిసారి బజారుకు వచ్చిన మనిషి పావుగంటలో చూసిన సంగతి తను ఇన్నేండ్లు చూడలేదా? చూసింది. చూసి, అది ఇంటి పద్ధతి అనుకున్నది. అందరూ తిన్నాక తినడం, అందరూ పడుకున్నాక పడుకోవడం, మొగుడు తలుపు వెనుక ఉంటే తలుపు ముందు ఉండడం. అవి వేరు, ఇది వేరు అని ఎవరైనా చెబితే కదా.

ఆ పూట అన్నం పెడుతూ దామోదర్‌ను అడిగింది. అతను నవ్వాడు. "తండాదాని మాటకు పరేషాన్ అయితున్నవా? నేను పొద్దుగాలటి నుంచి పొద్దుగూకె దాక మిషన్ కాడ ఉండేటోన్ని. నాకు కోటు గావాలె. నువ్వు నడుమ నడుమ అస్తవు." ఆమె మరునాడు వేళ్లు మడిచి చూసుకున్నది. అతను ఇరవై రెండు సార్లు మీట నొక్కాడు. ఆమె ఇరవై రెండు సార్లూ గదిలో ఉన్నది.

1980 జనవరిలో కొత్త ఫిలిము వచ్చింది. అహల్య దాన్ని డబ్బీలో వేసి, ట్రంకుపెట్టెలో పెట్టినట్టే పెట్టి, అతను అటు తిరగగానే తీసి రవికె లోపల పిన్నీసుతో గుచ్చుకున్నది. పైన కొంగు కప్పింది. ఎందుకు పెట్టుకున్నదంటే, ఆమెకు అడగడానికి వేరే మనిషి లేడు. మొగుణ్ని అడిగితే నవ్వుతాడు. అత్తను అడిగితే రక్తంలో పస లేదంటుంది. పుట్టింటికి చెబితే సర్దుకొమ్మంటారు. ఈ డబ్బీ ఒక్కటి ఎవరి పెండ్లాం, ఎవరి కోడలు అని చూడదు. తగిలినంత తగిలిందని చెబుతుంది. మూడు నెలలు దాన్ని రొమ్ము మీద మోసింది. స్నానానికి తీసేది, పొయ్యి దగ్గర తీసేది, గదిలోకి పోయే ముందు పెట్టుకునేది. మార్చి ఆఖరున కవరులో పెట్టి, అంటించి, ఎప్పటిలాగే తనే పోస్టు చేసింది.

మే నెలలో కాగితం వచ్చింది. ఈసారి సున్నా కాదు. దామోదర్ నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని ముగించాడు. ఏడాది మొత్తానికి ఒంటికి తగిలే కిరణం కొలత అయిదు దాటొద్దని హద్దు. మూడు నెలల్లోనే పదకొండు వచ్చింది. వెంటనే మిషన్‌కు దూరంగా ఉండాలనీ, రక్తపరీక్ష చేయించుకోవాలనీ రాశారు. పైన దామోదర్ పేరు ఉన్నది.

"అవ్వా, నా పని అయిపోయిందే!" అన్నాడు. అప్పుడు ఇంట్లోనే ఉన్న లక్ష్మీనర్సమ్మ రొమ్ము కొట్టుకున్నది.

తనకెట్ల వచ్చిందని అతను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ట్రంకుపెట్టెలో ఉండవలసిన ఫిలిము ఎట్ల నల్లబడ్డదో అడగలేదు. కాగితం మీద తన పేరున్నది, కాబట్టి జబ్బు తనదే. అహల్య తలుపు దగ్గర నిలబడి ఆ అంకె విన్నది. ఆమెకు మొదట కలిగింది భయం కాదు. ఇన్నేండ్ల తర్వాత ఎక్కడో బొంబాయిలో ముక్కూ మొగమూ తెలియని మనిషి ఎవరో తన మీద పడ్డదాన్ని కొలిచాడు. అది ఉన్నదని చెప్పాడు. చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. ఇంతలో అత్త, "నిలబడి చూస్తున్నవేంది? పోయి కోడిగుడ్లు ఉడకబెట్టు, పిల్లగాడు ఎట్ల తెల్లబోయిండో సూడు" అన్నది.

ఆమె నోరు మూసుకుని గుడ్లు ఉడకబెట్టింది. పదకొండు తగిలిన మనిషికి ఇంట్లో ఏమేం జరుగుతాయో మూడు నెలలు కండ్లారా చూసింది. రక్తం పట్టడానికి రోజు విడిచి రోజు మేక కార్జం కూర. మూలుగ బొక్కల చారు. ఖర్జూరాలు, దానిమ్మ. మధ్యాహ్నం పడక. ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. వరంగల్లులో రక్తపరీక్ష చేయిస్తే బాగానే ఉన్నదన్నారు, మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. అయినా అతను గదిలోకి పోవడం మానేశాడు. మీట వైరు పొడుగు చేయించి వరండాలోకి లాక్కున్నాడు. పలక బిగించడం, మిషన్ గొట్టం సరిచేయడం కూడా ఆమె మీద వేశాడు. కార్జం కోస్తుంటే ఆమె చిగుళ్ల నుంచి రక్తం కారేది. కొంగుతో అద్దుకుని ఉప్పు చూసేది.

ఆగస్టులో రెండో పరీక్షకు అన్నం గిన్నె మోస్తూ ఆమె కూడా వరంగల్లు పోయింది. డాక్టరు విజయలక్ష్మి నడివయసు మనిషి. దామోదర్ చేతి నుంచి రక్తం తీసి, గిన్నె పట్టుకుని మూలకు నిలబడ్డ ఆమెను చూసింది. "నీ పెదాలు గంత తెల్లగ ఉన్నయేందమ్మా? చెయ్యి చూపెట్టు" అన్నది. చూపించగానే సూది తీసుకుని ఆమె రక్తం కూడా తీసింది. గంట తర్వాత ఇద్దరినీ పిలిచింది. దామోదర్ ముఖం చూడకుండా అహల్యతోనే మాట్లాడింది.

"ఆయనకు ఏం లేదు. నీకే రక్తం తయారైతలేదు. తెల్ల కణాలు ఉండాల్సిన దాంట్ల పావు గూడ లేవు. రక్తం గడ్డ కట్టించేటియి అంతకన్న తక్కువున్నయి. నువ్వు మిషన్ కాడికి పోతవా?"

"నేనే పట్టుకుంట" అన్నది అహల్య. "రోగులందరిని. తొమ్మిదేండ్ల సంది."

డాక్టరమ్మ ఆమెను ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత నిదానంగా చెప్పింది. "మూలుగ బొక్క వండుతవు గద? గా మూలుగలనే మనకు రక్తం పుడుతది. కణాలు ఎప్పుడు పుడుతుంటయి, సస్తుంటయి. తెల్లయి తొందరగ సస్తయి, గందుకే ముందుగల అవే తగ్గుతయి. ఒక్కొక్క కణం లోపల దారం చుట్ట అసొంటిది ఉంటది, డీఎన్ఏ అంటరు. ఆ కణం ఏం జేయాలె, ఎట్ల పుట్టాలె అన్నదంత దాంట్ల ఉంటది. ఈ కిరణం పోయేటప్పుడు ఆ దారాన్ని తెంపుతది. ఒక పోగు తెగితె కణమే మళ్ల అతికిచ్చుకుంటది. రెండు పోగులు ఒక్క కాడ తెగితె అతుకు తప్పుతది. అట్ల తప్పిన కణమన్న సస్తది, లేకుంటె ఆ తప్పుతోనే ఇంకో కణాన్ని పుట్టిస్తది. ఒకనాటితోని ఏం గాదు. రోజూ తెంపితె ఎన్నని అతికిచ్చుకుంటది?"

అహల్యకు డీఎన్ఏ ఏమిటో తెలియదు. ఆ పని మాత్రం తెలిసింది. లోపల ఎవరికీ కనబడకుండా ఎవరో రాత్రంతా కూర్చుని తెగింది అతికిస్తారు, తెల్లవారగానే బయటి నుంచి ఎవరో వచ్చి మళ్లీ తెంపుతారు. అతికించినందుకు మెచ్చుకునేవారు లేరు. ఒకనాడు చేతకాక పడుకుంటే మాత్రం, దీంట్లో పస లేదంటారు. తన ఒంట్లో కూడా తనలాంటి వాళ్లే ఉన్నారన్నమాట.

"పిల్లలు నిలవకపోయింది గూడ దీంతోనేనా?" అని అడిగింది.

"అవునని చెప్పలేను బిడ్డా. కాదని గూడ చెప్పలేను."

ఇన్నేండ్లుగా ప్రతి ఒక్కరూ ఆమెకు కచ్చితంగా చెప్పిన సంగతి అది. తెలియదు అన్న మొదటి మనిషి ఈమె. అహల్య కండ్లలో అప్పుడు నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, మొగుడి వైపు చూడకుండా, "ఆ బొంబాయి కాయితం మీది పదకొండు నాయి. బ్యాడ్జీ బిళ్ల నేను పెట్టుకున్న" అన్నది.

"జరమొచ్చి ఏదో మాట్లాడుతున్నది" అన్నాడు దామోదర్.

డాక్టరమ్మ అతని మాట పట్టించుకోలేదు. "ఆ లెక్క ఈమెదని బొంబాయికి రాయి. ఈమె ఇగ ఆ గదిల కాలు పెట్టొద్దు. ఈమె జాగల ఇంకో ఆడమనిషిని గూడ పెట్టకు. ఎవరి బిడ్డను వాళ్ల నాయిన పట్టుకుంటడు, సీసం కోటు ఏసుకుని. వాళ్లకు జన్మల ఒక్కసారి, దానితోని ఏం గాదు. రోజూ ఒక్క మనిషే పట్టుకుంటె ఇగో, ఇట్లయితది."

తిరుగు ప్రయాణంలో డోర్నకల్ ప్యాసింజర్ నిండా మనుషులున్నారు. దామోదర్ పళ్లు బిగించి మెల్లగా మాట్లాడాడు. "దొంగతనంగ బిళ్ల పెట్టుకున్నవ్. పెండ్లాన్ని మిషన్ ముంగట నిలబెట్టిండని రాయాల్నా? దుకాణం మూస్తరు, తెలుసా?"

"మూస్తె మూయని. నా పేరు రాయి. నేను అడిగింది గదొక్కటే."

"రాస్త తియ్" అన్నాడు.

ఆమె నమ్మింది. తను బతుకుతానని ఆమె అనుకోలేదు. ఆ అంకె తన పేరు మీద ఉంటే, ఆ గదిలో ఒక ఆడమనిషి ఉండేదని, ఆమెకు ఇంత తగిలిందని ఒక కాగితమైనా చెబుతుంది. ఆ కాగితం ఉంటే తర్వాత వచ్చే ఆమెను నిలబెట్టలేరు.

తర్వాత వచ్చే ఆమె అప్పటికే ఇంట్లో ఉన్నది. దామోదర్ తమ్ముడు వెంకట్రాం మానుకోట స్టేషన్లో రైల్వే గుమాస్తా, కాపురం అన్న ఇంట్లోనే. అతనికి ఆ ఎండాకాలమే మొగుళ్లపల్లి పిల్లతో పెండ్లయింది. పేరు శకుంతల. పందొమ్మిదేండ్లది. "శకుంతల ఉన్నది గద, అది పట్టుకుంటది" అన్నది లక్ష్మీనర్సమ్మ. శకుంతల గాజులు తీసి గూట్లో పెట్టబోతుంటే అహల్య ఆమె చేయి పట్టుకున్నది. తన చీర మోకాలి దాకా ఎత్తి మచ్చలన్నీ చూపించింది. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పింది. శకుంతల భయపడ్డది గాని, "బావ రమ్మన్నంక నేను రానంటె ఎట్లుంటదక్కా? పుట్టింటికి తోలుతరు" అన్నది.

అది నిజమే. అందుకని అహల్య మరునాడు పొద్దున కుర్చీ తెచ్చి ముందు గది గడపలో వేసుకుని కూర్చున్నది. దారికి అడ్డంగా. వచ్చిన ప్రతివాళ్లకూ తనే చెప్పింది. "ఈ పిల్లకు నాయిన ఎవరు? నువ్వేనా? కోటు తొడుక్కో. నీ బిడ్డను నువ్వే పట్టుకో."

మొగవాళ్లు బిత్తరపోయారు. "నేను పట్టుకోవాల్నా? ఫోటువల నేను గూడ పడ్తనేమో!" అన్నాడు ఒకాయన. "పడితె మంచిదే. నీ లోపల ఏమున్నదో నీ పెండ్లాం చూసుకుంటది" అన్నది అహల్య. వరండాలో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంకొకడు, "పైసలిచ్చేది మేమే, పట్టుకునేది మేమేనా?" అని బండి కట్టుకుని వెళ్లిపోయాడు. అయినా చాలామంది పట్టుకున్నారు. ముఖం అటు తిప్పుకుని పట్టుకున్నారు. దామోదర్ వరండాలో నిలబడి పళ్లు కొరికేవాడు. జనం ముందు ఏమీ అనలేక, లోపల పళ్లాలు విసిరేవాడు. ఆ ఏడాది ఆఖరు దాకా, నాలుగు నెలలకు పైగా, ఆ ఇంటి ఆడది ఏదీ ఆ గదిలో నిలబడలేదు. ఆమె బతుకు మొత్తంలో ఆమె మాట నడిచిన కాలం అంతే.

దసరా దాటాక బొంబాయి నుంచి జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నది. అహల్య దాన్ని స్టేషన్లో వెంకట్రాం దగ్గరికి తీసుకుపోయి చదవమన్నది. అతను ఒకసారి చదివి, వదిన ముఖం చూసి, మళ్లీ చదివాడు.

"వదినా, అన్న బిళ్ల పొరపాటున మిషన్ కిందనే పడిపోయిందట. మీట నొక్కినప్పుడల్ల దానికి నేరుగ తగిలిందట. అన్న అట్ల రాసిండు. గందుకని ఆ పదకొండు ఏ మనిషికీ తగిలినయి కావని కొట్టేసిన్రు."

"కొట్టేస్తె?"

"సున్నా అని రాసుకున్నరు."

బొంబాయివాళ్ల తప్పు లేదు. వాళ్లకు రాసిందే వాళ్లు నమ్మారు. అహల్య ఆ కాగితాన్ని మడిచి మళ్లీ వెంకట్రాం చేతిలోనే పెట్టింది. మూడు నెలలు రొమ్ము మీద మోసింది ఎవరికీ తగల్లేదు. తొమ్మిదేండ్లూ ఎవరికీ తగల్లేదు. ఆ గదిలో ఎవరూ లేరు. అతను అబద్ధం రాసినందుకు కాదు, అంత సులువుగా అది నిజమైనందుకు ఆమె కుంగిపోయింది. ఇంటికి వచ్చి మొగుణ్ని ఏమీ అడగలేదు. కుర్చీలో కూర్చున్నది. ఆ సాయంత్రమే ముక్కు నుంచి రక్తం కారడం మొదలైంది. ఆగలేదు.

వరంగల్లులో రెండుసార్లు రక్తం ఎక్కించారు. చిట్యాల నుంచి అన్న జగపతి వచ్చి తన రక్తం ఇచ్చి పోయాడు. ఎక్కించిన రక్తం నెలకు మించి నిలవలేదు. మూలుగ ఎండిపోయిందనీ, తాము చేయగలిగింది ఇంక లేదనీ డాక్టరు విజయలక్ష్మి చెప్పింది. 1981 జనవరికి అహల్య మంచం దిగలేకపోయింది. గడపలో కుర్చీ తీసేశారు.

కుర్చీ తీసిన మూడో నాడు, పడుకున్నచోటి నుంచే, తలుపు అవతల పసిపిల్ల ఏడుపు విన్నది. దాని వెంట శకుంతల గొంతు. "ఏడవకు బిడ్డా, అయిపోయింది, అయిపోయింది." మిషన్ గుర్రుమన్నది. ఆగింది. "మళ్ల పట్టు" అని వరండా నుంచి దామోదర్ అన్నాడు. మళ్లీ గుర్రుమన్నది. అహల్య లేవబోయింది. మోచేయి మీదికి లేచేసరికి కండ్లకు చీకట్లు కమ్మాయి.

మధ్యాహ్నం అతను అన్నానికి లోపలికి వచ్చాడు. ఆమె పిలిచింది. చాలా నెలల తర్వాత పిలిచింది. అతను వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు, కూర్చోలేదు.

"నా పేరు రాయొద్దులే" అన్నది అహల్య. "దుకాణం గూడ మూయకు. శకుంతలకు ఒక్క మాట చెప్పు. అహల్యకు ఆ గదిలనే గిట్లయింది, నువ్వు రావొద్దు అని చెప్పు. నేను చెప్తె అది భయపడుతది, కాని ఆగది. నువ్వు చెప్తె ఆగుతది. నీ నోటితోని ఒక్కసారి అను. నేను వింట. గంతే."

అతను ఆమె వైపు చూడలేదు. తలుపు వైపు చూశాడు. అవతల శకుంతల ఇంకెవరితోనో భుజం సరిగ్గా పెట్టమని చెబుతున్నది. పనివేళ, గొంతులో హుషారు ఉన్నది. అంత తొందరగా నేర్చుకున్నది.

"నీకు రక్తం లేక అయింది. చిన్నప్పటి సంది లేదు" అన్నాడు. "డాక్టర్లు వంద చెప్తరు. నేను నా ఇంట్ల మనిషిని చంపుకుంటనా? గీ ముచ్చట నా దగ్గర ఇంకోసారి తియ్యకు. నువ్వు అడిగినా సరే, ఎవరడిగినా సరే. ఇగ ఈ జన్మల నా నోట రాదు."

ఆమె ఇంక అడగలేదు. ముఖం గోడ వైపు తిప్పుకున్నది. పద్దెనిమిది రోజులకు పోయింది.

అతను అన్నంత పనీ చేశాడు. శవం లేచిన నాడు చెప్పలేదు. పదో నాడు జగపతి అతని అంగీ గల్లా పట్టి, నా చెల్లె ఎట్ల పోయిందో నలుగురిల చెప్పురా అంటే చెప్పలేదు. రెండేండ్లకు శకుంతల మొదటి కడుపు పోయి, "బావా, అక్కకు నిజంగ ఏమైంది?" అని తలుపు పట్టుకుని అడిగింది. అప్పుడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పడు.